పంటి నొప్పి చెప్పే అబద్ధాలు

కిందటేడాది తెల్లారితే భోగి అనగా ఆ రాత్రి నాకు కుడివైపు కింది దవడ పన్ను పోటు మొదలైంది. పగలంతా ఏమీ లేదు, అరిసెలు కూడా లాగించాను. పడుకోగానే మొదలైంది. లేచి కూర్చుంటే కాస్త నయం, తల దిండు మీద పెడితే మాత్రం గుండె పంట్లోకి దిగినట్టు దడదడ. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో కుర్రాళ్ళు మూడింటికే భోగిమంటకి దుంగలు లాగుతుంటే నేనొక్కణ్ణే చెంప పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. పిన్ని లవంగం నలిపి పంట్లో పెట్టింది. మావయ్య "పీకించీరా, పీడ ఒదిలిపోద్ది" అన్నాడు. మెడికల్ షాపు తెరవగానే తమ్ముడు వెళ్ళి రెండు రంగుల బిళ్ళలు తెచ్చాడు. నాలుగో రోజుకి నొప్పి పూర్తిగా పోయింది, చల్లనీళ్ళు తాగినా జివ్వుమనలేదు. డాక్టరు మొహం చూడకుండా తగ్గించుకున్నానని ఇంటిల్లిపాదికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఎనిమిది నెలల తర్వాత అదే పన్ను కింద చిగురు మీద సెనగ గింజంత పొక్కు లేచింది. నొక్కితే నోట్లో ఉప్పగా ఏదో కారేది, నొప్పి మాత్రం చుక్క లేదు. నొప్పి లేదు కదా అని ఇంకో నెల గడిపేసి, చివరికి శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు వైపు ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఎక్స్‌రే తీసి, వేరు చివర నల్లగా గోళీ ఆకారంలో ఉన్న మచ్చ మీద పెన్ను పెట్టి, "మీ పన్ను సంక్రాంతికే చచ్చిపోయిందండీ, మీకు కబురు ఇప్పుడు అందింది" అన్నారు.

అప్పట్నుంచి ఆవిణ్ణి ప్రశ్నలతో విసిగించి, దొరికినవి చదివి నాకు అర్థమైంది ఏంటంటే, మన వైపు పళ్ళ వ్యవహారమంతా నొప్పి మీదే నడుస్తోంది. నొప్పొస్తే పరుగు, తగ్గితే మరుపు. నోట్లో మాత్రం ఈ నొప్పి అనేది రావాల్సినప్పుడు రాదు, పోకూడనప్పుడు పోతుంది, తప్పు చెయ్యనివాడి మీద నేరం మోపుతుంది.

పన్నుని కొబ్బరికాయలా ఊహించుకోండి, మా జిల్లాలో కొబ్బరితోటల ఉద్దానం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పైన ఉన్న టెంక ఎనామిల్, మన ఒంట్లో ఎముక కంటే కూడా గట్టి పదార్థం, కాని అందులో నరం లేదు, ఒకసారి పోతే ఒళ్ళు మళ్ళీ తయారు చేసుకోలేదు. టెంక లోపల కొబ్బరి ఉన్నట్టే ఎనామిల్ కింద డెంటిన్ ఉంటుంది, ఇది కాస్త మెత్తన, దీంట్లో కంటికి కనపడని సన్నటి గొట్టాలు వేలకొద్దీ ఉంటాయి. మధ్యలో నీళ్ళుండే చోట గుజ్జు, డాక్టర్లు పల్ప్ అంటారు. నరాలూ రక్తనాళాలూ అన్నీ అక్కడే, అవి వేరు చివరన ఉన్న సూదిమొనంత రంధ్రం గుండా లోపలికి వస్తాయి.

పుచ్చు మొదలయ్యేది టెంక మీద. నోట్లో కాపురముండే బాక్టీరియా మనం తిన్న తీపినీ పిండినీ తిని ఆమ్లం వదులుతుంది. పంటి మీద పీహెచ్ (ఆమ్లం పెరిగే కొద్దీ తగ్గే అంకె) సుమారు 5.5 కంటే కిందకి జారితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం తీరిగ్గా ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి నింపుతుంది, కాని దానికి అరగంటో గంటో టైమివ్వాలి. మనం ఇవ్వం. అందుకే ఎంత తీపి తిన్నామన్నదాని కంటే రోజుకి ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. పండగ రోజు కూర్చుని నాలుగు అరిసెలు తిని నోరు పుక్కిలించేసిన వాడి కంటే, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్లో గంటకో పంచదార టీ చొప్పున సాయంత్రం దాకా చప్పరించేవాడి పళ్ళకే ఎక్కువ నష్టం. (నేను రెండో రకం.) ఈ దశలో పంటి మీద సుద్దరంగు మచ్చ తప్ప ఇంకేమీ కనపడదు, ఫ్లోరైడ్ పేస్టుతో, తిండి అలవాటు మార్చుకోవడంతో దాన్ని వెనక్కి తిప్పొచ్చు కూడా. నొప్పి మాత్రం సున్నా, ఎందుకంటే టెంకలో నరమే లేదు. అన్నిటికంటే తేలిగ్గా, చవగ్గా బాగుపడే రోజుల్లో మనకి ఏ కబురూ అందదన్నమాట.

అన్నట్టు, "పన్ను పురుగు పట్టింది" అనే మాట మనకి అలవాటే. పంట్లో పాకే పురుగు ఏదీ ఉండదు. పొగ పట్టి పురుగులు రాలగొడతామని చెప్పి చూపించేవాళ్ళు చూపించే పురుగు ఎక్కడిదైనా కావచ్చు గాని పంట్లోది కాదు.

పుచ్చు డెంటిన్ దాకా దిగాక చల్లది తగిలినా తీపి తగిలినా జివ్వుమంటుంది, ఆ సన్నటి గొట్టాల ద్వారా కబురు గుజ్జుకి చేరుతుంది కాబట్టి. ఇంకా లోతుకి పోతే గుజ్జే వాస్తుంది. అసలు కథ ఇక్కడుంది. వేలు తలుపు సందులో పడితే వాస్తుంది, చర్మం సాగుతుంది కాబట్టి వాపుకి చోటు దొరుకుతుంది. పంట్లో గుజ్జు చుట్టూ గట్టి గోడలు, వాపు ఎటు పోవాలి? లోపలే ఒత్తిడి పెరుగుతుంది, నరం గిలగిల్లాడుతుంది, పడుకుంటే తలకి రక్తం ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి పోటు ఇంకా పెరుగుతుంది. నా భోగి రాత్రి అదే. ఆ ఒత్తిడికి లోపలికొచ్చే రక్తమే ఆగిపోయి కొన్నాళ్ళకి గుజ్జు చచ్చిపోతుంది. చచ్చిన నరం అరవదు. నేను తగ్గిపోయిందని సంబరపడింది దాన్నే. ఆ తర్వాత కుళ్ళిన గుజ్జులోని బాక్టీరియా వేరు చివరి రంధ్రం గుండా దవడ ఎముకలోకి దిగి, నెమ్మదిగా ఎముకని తినేసి, చీముకి ఒక దారి చేసుకుని చిగురు మీద పొక్కుగా తేలుతుంది. దారి దొరికిన చీముకి ఒత్తిడి ఉండదు కాబట్టి నొప్పి కూడా ఉండదు.

కాబట్టి నొప్పి ఉందా లేదా అని కాకుండా ఎలాంటి నొప్పి అని అడుక్కుంటే కాస్త నిజం రాబట్టొచ్చు. చల్లది తగిలితే జివ్వుమని, అది తీసెయ్యగానే పోతే గుజ్జు చాలావరకు బతికే ఉన్నట్టు, పుచ్చిన భాగం గీకేసి ఫిల్లింగ్ పెడితే సరిపోవచ్చు. చల్లది తీసేశాక కూడా నిమిషాల తరబడి లాగుతుంటే, వేడి కాఫీకి పెరుగుతుంటే, రాత్రి నిద్రలోంచి లేపుతుంటే గుజ్జు కోలుకునే దశ దాటిపోయినట్టు, ఇక లోపలి గుజ్జు తీసేసి నాళాలు నింపే రూట్ కెనాలో, పీకడమో. చలికీ వేడికీ దేనికీ పలకకుండా కొరికినప్పుడు మాత్రం ఆ పన్నొక్కటే ఎత్తుగా తగిలినట్టుంటే జబ్బు వేరు చివరకి చేరినట్టు. ఇది ఇంట్లో తేల్చుకునే లెక్క కాదు, చిగురు జారినా జివ్వుమంటుంది, పన్ను చిట్లినా కొరికితే నొప్పి పుడుతుంది. డాక్టరు చల్లటి దూది పెట్టి, అద్దం పిడితో తట్టి, ఎక్స్‌రే తీసి చూసేది అందుకే. మన పని ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, దేనికి పెరిగింది అని సరిగ్గా చెప్పడం. "నొప్పండీ" అని ఊరుకుంటే ఆవిడకి ఏం తెలుస్తుంది?

ఫిల్లింగ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మనవాళ్ళు "సిమెంటు పెట్టించుకున్నా" అంటారు. ఇప్పుడు ఎక్కువగా పంటి రంగులో ఉండే కాంపోజిట్ పెట్టి నీలం లైటుతో గట్టిపరుస్తున్నారు, పిల్లలకీ వేరు దగ్గర పుచ్చులకీ ఫ్లోరైడ్ వదిలే ఇంకో రకం వాడతారు. వెనకటి వెండిరంగు ఫిల్లింగులో దాదాపు సగం పాదరసమే. అది మీ నోట్లో ఏళ్ళ తరబడి గట్టిగా ఉంటే భయపడి తీయించుకోవడానికి పరిగెత్తక్కర్లేదు.

భయమంతా రూట్ కెనాల్ అంటేనే. నేనూ భయపడ్డాను, కాబట్టి కుర్చీలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. మత్తు సూది కుట్టినప్పుడు చీమ కుట్టినంత, పది నిమిషాల్లో సగం పెదవి నాది కానట్టయింది. పన్ను ఒక్కటే బయటికొచ్చేలా రబ్బరు షీటు బిగించారు, మందులూ ముక్కలూ గొంతులోకి పోకుండా. పంటి పైభాగం మధ్యలో చిన్న కంత చేశారు. కింది దవడలో ఆ పంటికి రెండు వేర్లు, మామూలుగా మూడు నాళాలుంటాయిట. వెంట్రుక కంటే కాస్త లావుగా, మెలికలు తిరిగిన సన్న ఆకురాయి లాంటి సూదులు ఒకదాని తర్వాత ఒకటి ఆ నాళాల్లోకి దింపి గీకుతుంటే పక్కన చిన్న మిషను బీప్ బీప్ మంటోంది. సూది వేరు చివరకి దగ్గరపడే కొద్దీ చప్పుడు జోరు పెరుగుతుంది, అక్కడ ఆపి పొడవు 21 మిల్లీమీటర్లని రాసుకున్నారు. మధ్యమధ్యలో సిరంజితో కడుగుతున్న నీళ్ళు మున్సిపాలిటీ బ్లీచింగ్ వాసన వేశాయి. వాసన వెయ్యడమేంటి, అది దాదాపు అదే మందు, సోడియం హైపోక్లోరైట్, కుళ్ళిన గుజ్జుని కరిగించి బాక్టీరియాని చంపుతుంది. చీము ఉంది కాబట్టి లోపల మందు పెట్టి తాత్కాలికంగా మూసి వారం తర్వాత రమ్మన్నారు. రెండోసారి, అగరొత్తి పుల్ల కంటే సన్నగా గులాబీరంగులో ఉన్న కడ్డీలు నాళాల్లో నింపారు. గట్టాపెర్చా అంటారు, మలేసియా వైపు పెరిగే ఒక చెట్టు పాలనుంచి తీసేదట. రెండుసార్లూ కలిపి నాకు కలిగిన బాధ ఏంటంటే, నోరు తెరిచి తెరిచి దవడ లాగడం.

నరం తీసేస్తే పన్ను ఊడిపోదా అని మా పిన్ని అనుమానం. ఊడదు. పన్నుని ఎముకకి పట్టి ఉంచేది లోపలి గుజ్జు కాదు, వేరు చుట్టూ ఉండే నార లాంటి కణజాలం, అది బతికే ఉంటుంది. నమలడానికి ఆ పన్ను మామూలుగానే పనికొస్తుంది. కాకపోతే లోపల డొల్లయింది, గోడలు పల్చబడ్డాయి కాబట్టి దవడ పంటికి పైన క్యాప్ వెయ్యాలి. చాలామంది ఇక్కడే ఎగ్గొడతారు. నొప్పి పోయింది, మళ్ళీ డబ్బులెందుకని. ఆర్నెల్లకో ఏడాదికో ఏ పోకచెక్కో జంతికో కొరికినప్పుడు పన్ను వేరు దాకా నిలువునా చీలిపోవచ్చు, అలా చీలిన పన్నుని ఎవరూ నిలబెట్టలేరు, రూట్ కెనాల్‌కి పెట్టిన డబ్బు కూడా దాంతోటే పోతుంది. క్యాప్ లోహానిదైనా, లోహం మీద పింగాణీదైనా, జిర్కోనియా అయినా వెనక పంటికి పని చేస్తుంది, తేడా ఎక్కువగా రంగులోనూ ధరలోనూ. డబ్బు తక్కువైతే చవక క్యాప్ వేయించుకోండి గాని మానెయ్యకండి, ఇది నా అభిప్రాయం.

ఇక మావయ్య సలహా, పీకించెయ్యడం. వేరు చీలినా, పన్ను మరీ కదిలిపోయినా, నిలబెట్టడానికి పైన ఏమీ మిగలకపోయినా పీకడమే సరైన వైద్యం. కాని నిలబడే పన్నుని డబ్బు ఆదా అని పీకిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఖాళీ అలా ఊరికే ఉండదు. వెనక పన్ను మెల్లగా ఆ సందులోకి వాలుతుంది, ఎదురుగా పైనున్న పన్ను కిందికి దిగుతుంది, సందుల్లో అన్నం ఇరుక్కుని వాటికీ పుచ్చు పట్టుకుంటుంది. తర్వాత పక్కపళ్ళ ఆసరాతో ఖాళీలో పన్ను కట్టే బ్రిడ్జి కావాలంటే రెండు పక్కలా ఉన్న మంచి పళ్ళని అరగదీయాలి. ఇంప్లాంట్ అయితే పక్కపళ్ళ జోలికి పోదు, టైటానియం మరని ఎముకలో బిగించి అది ఎముకతో అతుక్కునే దాకా మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి పైన పన్ను కడతారు, ఖర్చు మాత్రం రూట్ కెనాల్, క్యాప్ రెండూ కలిపినదానికంటే చాలా ఎక్కువ. తీసిపెట్టుకునే కట్టుడు పన్ను చవక, అలవాటు పడటమే కష్టం.

పై పన్ను పీకితే చూపు పోతుందని మా తాతయ్య కాలం నుంచీ ఉంది. కంటిచూపు నరం వేరు, పళ్ళకి వచ్చే నరం వేరు, మెదడు నుంచి బయల్దేరేటప్పుడే రెండిటి దారులూ వేరు. ముసలితనంలో పళ్ళూ చూపూ ఒకేసారి తగ్గుతాయి కాబట్టి రెండిటికీ పెళ్ళి చేసేశారు.

పీకించుకున్నాక దూది అరగంట నుంచి ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టుకోవాలి, ఆ రోజంతా పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం, చుట్ట బీడీ సిగరెట్టు ఏవీ కూడదు. గుంటలో గడ్డకట్టిన రక్తమే అక్కడ కట్టు, దాన్ని పీల్చి ఊడగొట్టుకుంటే రెండు మూడు రోజులకి చెవి దాకా పాకే నొప్పి మొదలవుతుంది. ఉప్పునీళ్ళ పుక్కిలింత మర్నాటి నుంచే. గుండె జబ్బుకి రక్తం పల్చబడే బిళ్ళ వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపి మాత్రం వెళ్ళకండి.

ఇప్పుడు ఆ రెండు రంగుల బిళ్ళల సంగతి. ఒక రంగుది నొప్పి బిళ్ళ, మన శ్రీకాకుళం జిల్లాలో ఇది మామూలు విషయం కాదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఉద్దానం పేర్లు చెప్పగానే రాష్ట్రమంతటికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి, కిడ్నీ ముందే బలహీనంగా ఉన్నవాడు వాటిని రోజుల తరబడి మింగితే ఉన్న కాస్త ఓపికా పోతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే లెక్క) పెరిగిందని తెలిసినవాళ్ళు, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పన్ను పోటుకి షాపులో అడిగి బిళ్ళ తెచ్చుకోకూడదు, డాక్టరుకి విషయం చెప్పి రాయించుకోవాలి. మామూలుగా పారాసిటమాల్ మోతాదు దాటకుండా వాడటం కిడ్నీకి వీటికంటే క్షేమం. పుచ్చిన పన్నుని అలాగే ఉంచుకుని నెలకోసారి నొప్పి, నెలకో పట్టీ బిళ్ళలు అనే పద్ధతి మిగతా చోట్ల ఒక తప్పయితే ఉద్దానంలో రెండు తప్పులు.

రెండో రంగు బిళ్ళ యాంటీబయాటిక్. గుజ్జు వాచి పోటు పెడుతున్నప్పుడు అది చేసేదేం లేదు, గుజ్జు చచ్చాక అయితే అక్కడికి రక్తమే వెళ్ళదు, మందు ఎలా వెళ్తుంది? వాపు ముఖానికి పాకినా జ్వరం వచ్చినా డాక్టరు రాస్తారు, అప్పుడు కూడా అది చీము తీయడానికీ పన్ను బాగుచెయ్యడానికీ తోడు మాత్రమే. ఇంకొకటి, దవడ కింద వాపు వచ్చి గట్టిపడి, మింగడం కష్టమైనా నోరు తెరవలేకపోయినా ఊపిరి అందకపోయినా అది తెల్లారేదాకా ఆగే పని కాదు. రాత్రి అయినా శ్రీకాకుళం రిమ్స్‌కో విజయనగరం పెద్దాసుపత్రికో బయల్దేరాల్సిందే, ఆ వాపు గొంతు దారిని మూసెయ్యగలదు. లవంగం విషయంలో పిన్నిది తప్పేం లేదు, దాంట్లోని యూజినాల్ కాసేపు మొద్దుబారుస్తుంది. నొప్పి బిళ్ళని చిగురు పక్కన దోపుకునే అలవాటు మాత్రం వద్దు, చర్మం కాలి పుండవుతుంది.

నొప్పే లేకుండా పళ్ళు ఊడగొట్టే జబ్బు ఇంకొకటుంది, చిగుళ్ళది. తెలుగులో దీనికి మంచి మాటలున్నాయి. పొద్దున లేవగానే పళ్ళ మీద జిగురుగా ఉండేది పాచి, బ్రష్షుతో పోతుంది. తోమకుండా వదిలేసిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం చేరి రాయిలా గట్టిపడితే గార, అది ఇక బ్రష్షుకి లొంగదు. కింది ముందుపళ్ళ లోపలివైపు, పై దవడ పళ్ళ బయటివైపు గార ఎక్కువ పడుతుంది, లాలాజలం గ్రంథులు తెరుచుకునేది ఆ చోట్లలోనే. గార ఉన్నచోట చిగురు ఎర్రబడి, తోముతుంటే రక్తం వస్తుంది. రక్తం వస్తోందని జనం అక్కడ తోమడం మానేస్తారు, నిజానికి మెత్తగా ఇంకాస్త శ్రద్ధగా తోమాల్సింది అక్కడే. వదిలేస్తే చిగురు పన్నుని వదులుతుంది, ఎముక కిందికి తగ్గుతుంది, పుచ్చు మచ్చ కూడా లేని పన్ను ఒకరోజు కదలడం మొదలెడుతుంది. షుగరు ఉంటే ఇది ఇంకా జోరుగా ముదురుతుంది, ముదిరిన చిగుళ్ళ జబ్బు షుగరుని అదుపులోకి రానివ్వదు, రెండూ ఒకదానికొకటి కాపలా.

దీనికి వైద్యం క్లీనింగ్, దాని మీద ఉన్నన్ని నిందలు ఇంకే వైద్యం మీదా లేవేమో. "క్లీనింగ్ చేయించాక పళ్ళు కదిలాయి, సందులొచ్చాయి, జివ్వుమంటున్నాయి" అని మా ఆఫీసులో కనీసం ముగ్గురు చెప్పారు. జరిగేదేంటంటే, సెకనుకి పాతిక వేల సార్లకి పైగా కంపించే మొన గారని పగలగొడుతుంది, నీళ్ళు కడిగేస్తాయి, సరిగ్గా చేస్తే ఎనామిల్ అరగదు. సందులు ముందునుంచీ ఉన్నాయి, గార పూడ్చేసింది. పన్ను ముందే వదులైంది, గార సిమెంటు ముక్కలా పక్కపళ్ళతో కలిపి పట్టుకుంది. గార కింద దాగిన వేరు భాగానికి గాలీ నీళ్ళూ తగిలి కొన్నాళ్ళు జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. ఇన్నాళ్ళూ జబ్బు చేసిన గారకి నొప్పి లేదు, దాన్ని తీసిన డాక్టరుకి చెడ్డపేరు.

మా అమ్మమ్మ గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. ఆవిడ అడ్డపొగ తాగేది. మన వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. పొయ్యి ఊదుతూ, బియ్యం చెరుగుతూ, మనవళ్ళని తిడుతూ కూడా పెదాల మధ్య చుట్ట అలాగే ఉండేది, నిప్పు ఆరేది కాదు, బూడిద కింద పడేది కాదు. చిన్నప్పుడు మాకది గారడీలా ఉండేది. "నోరు తెరువే అమ్మమ్మా" అంటే తెరిచేది. అంగిలి అంతా పాలమీగడ కట్టినట్టు తెల్లగా, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలతో ఉండేది, వయసుతో వచ్చిందనుకునేవాళ్ళం. మన శ్రీకాకుళం ఈ ఒక్క విషయంలో ప్రపంచ దంతవైద్య గ్రంథాల్లోకెక్కింది. డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా మొదలైనవాళ్ళు జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు చూసి 1971లో ఫలితాలు ప్రచురించారు, అందులో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. మామూలుగా అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు, అడ్డపొగ తాగేవాళ్ళలో అక్కడే వస్తుంది, వేడీ పొగా నేరుగా తగిలేది అక్కడే కాబట్టి.

ఆ తెల్లమచ్చకి నొప్పి ఉండదు, పుండుగా మారిన మొదట్లో కూడా తెలియకపోవచ్చు. చుట్టైనా, గుట్కా ఖైనీ అయినా, ఒడిశా వైపు పళ్ళకి రుద్దుకునే పొగాకూ బెల్లం కలిసిన గుడాకు అయినా వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే నెలకోసారి వెలుతురులో నోరు తెరిపించి చూడండి. గీకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు మూడు వారాలైనా మానని పుండు, నోరు తెరుచుకోవడం రోజురోజుకీ తగ్గడం, వీటిలో ఏది ఉన్నా నొప్పి వచ్చేదాకా ఆగొద్దు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు, ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం అక్కర్లేదు.

రోజూ చేసుకునే పని గురించి చెప్పాలంటే నాలుగు మాటలే ఉన్నాయి, చెయ్యడమే కష్టం. రెండు పూటలా రెండేసి నిమిషాలు, ఒకపూటే కుదిరేట్టయితే అది రాత్రి పడుకోబోయే ముందుది కావాలి, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోయి బాక్టీరియాకి అడ్డు ఉండదు. మనం పూర్తిగా తిరగేసి, పొద్దున్నే వాకిట్లో నిలబడి ఊరందరికీ వినపడేలా తోముతాం, రాత్రి గంజి తాగి పడుకుంటాం. మెత్తటి బ్రష్షు, చిగురూ పన్నూ కలిసేచోట కాస్త ఏటవాలుగా పెట్టి చిన్నచిన్న సున్నాలు చుట్టడం, అంతే. అంట్లగిన్నెల్లా అడ్డంగా రుద్దితే చిగురు దగ్గర పన్ను గాడి పడిపోతుంది, కచ్చిక, బొగ్గు, ఇటుకపొడి చేసేదీ అదే, తెల్లగా కనిపించేది ఎనామిల్ అరిగినంతసేపే. పందుంపుల్లని నేను తిట్టను, వేపపుల్ల కొస మెత్తగా నమిలి జాగ్రత్తగా తోమితే పాచి పోతుంది, కాని దాంట్లో ఫ్లోరైడ్ లేదు, దవడపళ్ళ లోపలివైపుకి అది అందదు. పేస్టు కొనేటప్పుడు మూలికల బొమ్మలు కాకుండా వెనకవైపు చిన్న అక్షరాల్లో ఫ్లోరైడ్ ఉందో లేదో చూడండి, 1000 పీపీఎం దగ్గర ఉంటే మంచిది. తోమాక ఉమ్మెయ్యండి, గ్లాసులకొద్దీ నీళ్ళతో పుక్కిలించి ఆ ఫ్లోరైడ్ అంతా కడిగెయ్యకండి. పులుపు తిన్న వెంటనే తోమొద్దు, అరగంట ఆగండి. పళ్ళ మధ్య సందుల్లోకి బ్రష్షు వెళ్ళదు కాబట్టి అక్కడికి దారం, లేదా సన్నటి సందుబ్రష్షు. పిన్నీసుతో, అగ్గిపుల్లతో కెలకడం కాదు.

ఖర్చు భయంతో ఆగిపోయేవాళ్ళకి ఒక్క మాట. శ్రీకాకుళంలో దంత వైద్య కళాశాల ఉంది, విశాఖ వైపు ఇంకా ఉన్నాయి. అక్కడ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు తక్కువ, టైము మాత్రం ఎక్కువ పడుతుంది. ఎక్కడికెళ్ళినా కుర్చీ ఎక్కకముందే క్యాప్‌తో కలిపి మొత్తం ఎంత, ఎన్నిసార్లు రావాలి, ఈ పన్నుని ఇంకేవిధంగా బాగుచెయ్యొచ్చు అని అడగండి. అడిగితే విసుక్కునే చోట నేనైతే నోరు తెరవను.

చివరి సిట్టింగులో క్యాప్ బిగించాక డాక్టరమ్మ అద్దం చేతికిచ్చి, "ఇది మీకు ఆరో ఏట వచ్చిన పన్నండీ" అన్నారు. ఆరేళ్ళప్పుడు ఏ పాలపన్నూ ఊడకుండానే, పాలపళ్ళన్నిటికీ వెనక, దవడ చివర చడీచప్పుడు లేకుండా ఒక పెద్ద పన్ను మొలుస్తుంది, నాలుగు మూలలా నాలుగు. ఏదీ ఊడలేదు కాబట్టి ఇదీ పాలపన్నేనని, పుచ్చినా ఊడిపోయి కొత్తది వస్తుందని తల్లిదండ్రులు అనుకుంటారు. రాదు, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పైభాగంలో లోతైన గాళ్ళుంటాయి కాబట్టి ముందుగా పుచ్చేది కూడా తరచూ అదే. మొలిచిన కొత్తలోనే ఆ గాళ్ళని సీలెంట్ పూసి మూసెయ్యొచ్చు, సూదీ లేదు, గీకడమూ లేదు. ఆ సాయంత్రమే మా అప్ప ఇంటికెళ్ళి దాని కూతుర్ని, ఏడేళ్ళ గుంటని, ట్యూబులైటు కింద నిలబెట్టి నోరు తెరవమన్నాను. కుడివైపు కింద, చివర్న, తెల్లగా పెద్దది, మధ్య గాడిలో సన్నటి గోధుమరంగు గీత. "నొప్పుందా?" అని అడిగింది మా అప్ప. లేదంది పిల్ల. "నొప్పి లేకపోతే ఏటి ఇప్పుడు?" అంది మా అప్ప నావైపు తిరిగి. శనివారం పొద్దున్న పదింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.